‘పరిత్యజింతురురు’: ఆ రెండో ‘రు’ ఎక్కడిది? బడి నడపాలా, ఆపాలా?

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాససంత్రస్తులై
ఆరంభించి పరిత్యజింతురురు విఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యం. నీచులు విఘ్నాలకు భయపడి పని మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి విఘ్నాలకు లోబడి వదిలేస్తారు, ధీరులు ఎన్ని దెబ్బలు తగిలినా వదలరు అని భావం. ఇక్కడ చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. దీని మీద రెండు సందేహాలు అడగాలని రాస్తున్నాను. మొదటిది పాఠం గురించి, రెండోది తాత్పర్యం గురించి. రెండోదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేం కొందరం కలిసి పిల్లలకు ఆదివారం తెలుగు బడి నడుపుతున్నాం. అద్దె గది, ఒక నల్లబల్ల, నాలుగు చాపలు. ఇక నడపాలా, ఆపాలా అని తేల్చుకోవడానికి ఈమధ్య అందరం కూర్చున్నాం. ఆ మాటల్లో ఒక పెద్దాయన గోడకు అతికించిన కాగితం చూసి ఈ పద్యం చదివారు. ఆ కాగితంలో ‘పరిత్యజింతురు విఘ్నాయత్తులై’ అని ఒకటే ‘రు’ ఉంది. పక్కనే కూర్చున్న ఏడో క్లాసు పిల్ల ‘తాతగారూ, పరిత్యజింతురురు’ అంది. నాలుక తడబడిందేమో అనుకుని ఆయన మళ్లీ చదవమన్నారు. పిల్ల మళ్లీ అలాగే చదివి, తన నోట్‌బుక్ చూపించింది. పద్యం మొత్తం ఒడియా లిపిలో రాసుకుంది. మా దగ్గర చాలామంది పిల్లలు అంతే. ఇంట్లో మాట తెలుగు, స్కూల్లో రాత ఒడియా. చేతికి అలవాటైన అక్షరాల్లోనే తెలుగు పద్యాన్నీ దించుకుంటారు. అమ్మమ్మ చెబుతుంటే విని రాసుకుందట. అందులో ‘రు’ రెండుసార్లు శుభ్రంగా ఉంది.

నా మటుకు నాకు పిల్ల చదివిందే సరైన పాఠం. శార్దూలం కాబట్టి మ, స, జ, స, త, త, గ రావాలి. ఆరంభిం / చి పరిత్ / త్యజింతు / రురువిఘ్ / ఘ్నాయత్తు / లై మధ్య / ముల్. కొలత పెట్టినట్టు సరిపోయింది. ఒక ‘రు’ తీసేస్తే నాలుగో గణం కూలిపోతుంది, యతి కూడా పోతుంది. పదమూడో అక్షరంగా రావలసిన ‘ఘ్నా’ పన్నెండో చోటికి జరుగుతుంది. ‘విఘ్న’ తర్వాత వచ్చే ‘ఆయత్తులై’లోని ఆ-కారమే కదా ఇక్కడ యతి నిలబెట్టేది. అచ్చులో ఎవరో ఆ రెండో ‘రు’ తప్పనుకుని తీసేసి ఉంటారు. ‘పరిత్యజింతురు + ఉరు విఘ్నాయత్తులై’ అని విడగొట్టుకోవాలని నా ఊహ. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇక రెండో సంగతి. పెద్దాయన ఆ పద్యం ఊరికే చదవలేదు. మా బడిని మొదటి నుంచీ మోస్తున్న ఒకావిడ ‘ఇక నా వల్ల కాదండీ, ఆపేద్దాం’ అన్నందుకు చదివారు. చదివి, ‘తెలుగువాళ్లు ఆరంభశూరులని ఊరికే అన్నారా’ అని కూడా అన్నారు. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. గది ఊడ్చేది ఆవిడే, గుణింతాలు దిద్దించేది ఆవిడే, పిల్లలు రాకపోతే ఇళ్లకు వెళ్లి పిలుచుకొచ్చేదీ ఆవిడే. అద్దె పెరిగింది. ఆదివారం కూడా ట్యూషన్లు పెడుతున్నారు. ‘దీనివల్ల మార్కులేమైనా కలుస్తాయా’ అని తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడుగుతున్నారు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు అయ్యాక నాలుగోదిగా తెలుగుకు ఓపిక ఎవరికి ఉంటుంది? ఆవిడ మోకాళ్ల నొప్పుల సంగతి వేరే చెప్పాలా?

ఇలాంటి మనిషిని ‘మధ్యముల్’ అనే మాటతో కొట్టడానికి ఈ పద్యం ఒప్పుకుంటుందా? ఎంత ఆలోచించినా నాకు ఒప్పుకోదనే అనిపిస్తోంది. గుంపులో పెద్దలు ఏమంటారు?

జవాబు, జయపురం నుంచి:

మీ విడదీత సరైనదే. ఉత్తుకు అచ్చు పరమైంది, సంధి జరిగింది, అంతే. ‘ఉరు’ అంటే పెద్ద, విశాలమైన. ఉరుక్రముడు అంటాం కదా, పెద్ద అడుగులు వేసినవాడు, విష్ణువు. భూమికి ‘ఉర్వి’ అనే పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. వాడుకలో లేని మాట కావడంతో చూసినవాళ్లకు అచ్చుతప్పులా కనిపిస్తుంది. ఆ అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

భర్తృహరి శ్లోకం పక్కన పెట్టుకుని చూస్తే మీ రెండో ప్రశ్నకూ కొంత దారి దొరుకుతుంది. ‘ప్రారభ్య విఘ్నవిహతా విరమంతి మధ్యాః’ అన్నాడాయన. అక్కడ ఉన్నది ఉత్త విఘ్నమే, పెద్దదీ చిన్నదీ అనలేదు. లక్ష్మణకవి దగ్గరకొచ్చేసరికి అది ‘ఉరు విఘ్నం’ అయింది. అంటే మధ్యములు కూడా చిన్నాచితకా ఇబ్బందులకు వదిలేసే రకం కాదన్నమాట. పెద్ద దెబ్బే తగలాలి. పైగా ‘ఆయత్తులై’ అన్నాడు, విఘ్నానికి లోబడిపోయి అని. తమంతట తాము వదిలేశారని అనలేదు. ఈ పద్యంలో తిట్టు ఒక్కచోటే ఉంది, మొదటి పాదంలో. అది అసలు మొదలే పెట్టనివాళ్లకు. మీ బడిలో కూర్చున్నవాళ్లెవరికీ అది వర్తించదు.

జవాబు, బరంపురం నుంచి:

జయపురం మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ‘ఉరు’ మీద అంత బరువు వేయకండి. గణం కోసం రెండు లఘువులు కావాల్సి వచ్చాయి, కవి వేసుకున్నాడు. అనువాదంలో ఇలాంటి పూరణలు మామూలే. శ్లోకంలో ‘విఘ్నైః పునః పునరపి’ అని ఉంది, ధీరులను విఘ్నాలు మళ్లీ మళ్లీ కొడతాయని. ఆ ‘మళ్లీ మళ్లీ’ తెలుగులో లేదు. దాని బదులు ‘ధృత్యున్నతోత్సాహులై’ వచ్చింది. ఒకచోట పోయింది, ఒకచోట చేరింది. చేరిన ప్రతి మాటకూ తాత్పర్యం తీస్తే పోయినదానికి ఏం చెబుతారు?

బడి విషయం వేరు. ఆవిడ ఒక్కరే అన్నీ చేస్తున్నారని మీరే రాశారు. నాకు అసలు జబ్బు అక్కడే కనిపిస్తోంది. మా ఊళ్లో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి జరుగుతుంది. నేతపనివాళ్ల పెద్ద, దేశీబెహెరా అంటారు, అమ్మవారిని కూతురిలా పుట్టింటికి పిలుస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలే ముందుంటాయి. తరాలుగా నడుస్తోందంటే ఎవరి వంతు ఎవరిదో వాళ్లకు తెలుసు. ఒకరి మోకాళ్ల మీద నడిచేది కాదు. పద్యం చదివిన పెద్దాయన గదికి చీపురు పట్టారా అని అడగండి. కటువుగా ఉంటే మన్నించండి.

జవాబు, గుణుపురం నుంచి:

నాలుగో పాదం గురించి ఒక్క మాట. ‘ప్రారబ్ధార్థము’ అనగానే మా ఇళ్లల్లో తలరాత అనుకుంటారు. ‘ఏం చేస్తాం, నా ప్రారబ్ధం’ అని రోజూ అనే మాటే కదా. ఇక్కడ ఆ అర్థం లేదు. ప్రారబ్ధం అంటే మొదలుపెట్టబడినది. కర్మ విషయంలో ఫలం ఇవ్వడం మొదలైన కర్మ, పద్యంలో చేతికెత్తుకున్న పని. రెండూ ఒక్క చెట్టువే గానీ వాడుకలో ఒకటి అటు, ఒకటి ఇటు పోయాయి. మా అత్తగారు ఊరి భజన బృందాన్ని చాలాకాలం నడిపి, చివర్లో ‘నా ప్రారబ్ధం’ అంటూ నడిపేవారు. మాట మారినప్పుడే పని కూడా మారిపోయిందని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదట రాసినవారి జవాబు:

అందరికీ ధన్యవాదాలు. గుణుపురం నుంచి రాసిన అమ్మా, మీరు పట్టుకున్న పాదం దగ్గరే నాకూ దారి కనిపించింది. శ్లోకంలో ‘ప్రారబ్ధముత్తమజనా న పరిత్యజంతి’ అని ఉంది. మొదలుపెట్టినదాన్ని వదలరు, అంతే. లక్ష్మణకవి ‘ప్రారబ్ధార్థములు’ అన్నాడు. అర్థం అంటే ప్రయోజనం, దేనికోసం మొదలుపెట్టామో అది. బరంపురం వారు ఇది కూడా పూరణే అంటారేమో. అయినా సరే, పద్యం మన చేతికి వచ్చింది ఈ మాటతోనే. ఉజ్జగించకూడనిది, అంటే వదలకూడనిది, అర్థాన్ని. అద్దె గదిని, ఆదివారం పది గంటలను, ఒకే మనిషి వీపును ఎప్పటికీ పట్టుకు వేలాడమని ఇందులో ఎక్కడా లేదు.

మా ఊళ్లో ఉండి ఈ మాట అనేటప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? 1880లో టీచరుగా పర్లాకిమిడి వచ్చారు. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి దెబ్బతింది. భాషను చెవితో పట్టుకునే మనిషికి చెవులే పోవడం! ‘ఉరు విఘ్నం’ అంటే ఇంతకంటే ఏం కావాలి? వాడుక భాష కోసం 1919లో ‘తెలుగు’ అనే పత్రిక మొదలుపెట్టారు, అది ఎక్కువకాలం నడవలేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అన్నేళ్లు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. పత్రిక ఆగింది, ఊరు మారింది. కానీ సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. వాడుక భాష గొడవ 1940లో పోయేదాకా వదల్లేదు. పత్రిక ఆపేసినందుకు ఆయన్ని మధ్యముడనే ధైర్యం ఎవరికైనా ఉందా? ఏది వదలొచ్చో, ఏది వదలకూడదో ఆయనకు తెలుసు. నేను ఈ పద్యాన్ని ఆయన బతుకులోంచి చదువుతాను.

మా బడి అర్థం ఏమిటని మమ్మల్ని మేమే అడిగితే, ఇక్కడి తెలుగు పిల్లలు తెలుగు చదవగలగాలి, రాయగలగాలి. ఆ పిల్ల నోట్‌బుక్ మళ్లీ తీసి చూశాను. అమ్మమ్మ నోటి నుంచి వచ్చిన పద్యం గోడ మీది కాగితం కంటే శుద్ధంగా ఉంది. కాబట్టి ఇళ్లల్లో సరుకు ఉంది. దాని పక్కనే ఇంకో పేజీలో వేరే పద్యం ఉంది. ఒడియా లిపిలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అనీ రెండు లేవు. అక్కడ ‘తెలుగు’లో తె, ‘తేలు’లో తే ఒకేలా ఉంటాయి. లఘువేదో గురువేదో రాతలో తేలదు. అమ్మమ్మ ఉన్నంతకాలం పిల్ల సరిగ్గానే చదువుతుంది. తర్వాత ఆ పేజీ చదివేవాళ్లకు ఏది పొట్టో ఏది పొడుగో ఎవరు చెబుతారు? అందుకని తెలుగు అక్షరాలు నేర్పడం ఆపడానికి లేదు. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు.

ఇంతకీ ఏం చేద్దామనుకుంటున్నామో చెబుతాను. గది వదిలేస్తాం. నెలకు రెండు ఆదివారాలు, వంతులవారీగా ఒక్కొక్క ఇంట్లో. ఆ ఇంటి పెద్దవాళ్లు తమకు వచ్చిన పద్యమో పాటో సామెతో చెప్పాలి. పిల్లలు ముందు చేతికొచ్చిన లిపిలో రాసుకోవచ్చు, లేచే ముందు మాత్రం అదే తెలుగు అక్షరాల్లో రాయాలి. అక్షరాలు దిద్దించే పని మేం నలుగురం పంచుకున్నాం. ఆవిడకు ఏ పనీ పెట్టలేదు. రావాలనిపిస్తే వచ్చి కూర్చుంటారు, లేదంటే లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ ‘పద్యాలైతే చెబుతాను, చీపురు మాత్రం పట్టను’ అన్నారు. ఎంతో న్యాయమైన మాట.

పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు. ఒక చోటంటూ లేకపోతే మెల్లగా అందరూ చెదిరిపోతారని ఆయన భయం. ఆ భయం వట్టిది కాదు, ఇళ్లల్లో నడిపేవి పండగలప్పుడు, పెళ్లిళ్లప్పుడు తేలిగ్గా వాయిదా పడతాయి. అందుకే వాయిదా పడితే మరుసటి ఆదివారమే పెట్టాలని ఆయన చేతే నియమం రాయించాలని చూస్తున్నాం. బరంపురం అక్కా, చీపురు సంగతి ఆయన్ని నేను అడగలేను గానీ, మొదటి వంతు తన ఇంట్లో పెట్టమని మాత్రం అడిగాను. ఆలోచిస్తానన్నారు.

చివరిగా ఒక సాయం కావాలి. భర్తృహరి సుభాషితాలను ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా తెనిగించారు కదా. ఈ శ్లోకానికి వాళ్ల పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. మధ్యముల దగ్గర వాళ్లు ఏ మాట వాడారో, నాలుగో పాదంలో ‘అర్థం’ అన్నారో లేదో చూడాలి. మొదటి ఇంట్లో పిల్లలకు మూడు పద్యాలూ పక్కపక్కనే రాయించాలని ఉంది.