పెద్దవాళ్లకు పదే పదే చెవిపోటు: ప్రతిసారీ డాక్టరుకు చూపించాలా, ఇంట్లో ఉన్న చుక్కలు వేసుకోవచ్చా?

మెలకువ:
చెవిపోటంటే చిన్నపిల్లలకు వచ్చేదని అందరూ అనుకుంటారు. నాకు పెద్దయ్యాకే మొదలైంది, వదలడం లేదు. జలుబు చేసినప్పుడు కొన్నిసార్లు, ఏ కారణమూ లేకుండా కొన్నిసార్లు, ఎప్పుడొచ్చినా కుడి చెవిలోనే. పగలు పనిలో పడి ఎలాగో నెట్టుకొస్తాను. రాత్రి తల వాల్చగానే సలుపు పెరుగుతుంది, నిద్ర ఉండదు. మొదటిసారి డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్ చుక్కల మందు ఇంట్లో ఎప్పుడూ ఉంచుకుంటాను. నొప్పి మొదలవగానే వేసుకుంటే ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి దాని దారిన అది ఉంటుంది. ప్రతిసారీ వెళ్లి చూపించుకోమని ఇంట్లో గొడవ. చెవి అదే, మందు పేరూ తెలుసు, మళ్లీ వెళ్లి లాభమేమిటని నా వాదన. ఏళ్ల తరబడి దీంతో బతుకుతున్నవాళ్లు ఏమంటారు?

స్థిరచిత్తం:
వెళ్లనక్కర్లేదు. నాకు జలుబు చేసిన ప్రతిసారీ రెండు చెవులూ దిబ్బడేసి పోటు వస్తుంది. పారాసెటమాల్ వేసుకుంటాను, పొడి గుడ్డతో కాపడం పెట్టుకుంటాను, తల కింద ఇంకో దిండు వేసుకుని పడుకుంటాను. తల ఎత్తుగా ఉంటే చెవిలో బరువు తగ్గుతుంది, మెలకువ గారు ఈ రాత్రికే ప్రయత్నించి చూడండి. రెండు మూడు రోజుల్లో జలుబుతో పాటే నొప్పీ పోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నాకు యాంటీబయాటిక్ కోర్సు రాశారు. అవసరం లేని యాంటీబయాటిక్ మింగడం కన్నా ఆగి చూడటం మంచిదని గట్టిగా నమ్ముతాను.

చిరుగాలి:
స్థిరచిత్తం గారూ, అవసరం లేని యాంటీబయాటిక్ వద్దన్నారు చూశారా, అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. మరి మెలకువ గారు చేస్తున్నదీ అదే కదా. అవసరమో కాదో తెలియకుండా ప్రతిసారీ చెవిలో యాంటీబయాటిక్ చుక్కలు వేసుకుంటున్నారు.

చెవిలో పుట్టిన నొప్పి వేరు, చెవిలో తెలిసే నొప్పి వేరు. చెవికి స్పర్శనిచ్చే నరాలు చాలా ఉన్నాయి. తలలోంచి వచ్చే నరాల్లో 5, 7, 9, 10వ నంబరువి, మెడలోంచి వచ్చేవి రెండు మూడు. ఇవే నరాలు దవడకు, పళ్లకు, నాలుక మొదలుకు, టాన్సిల్స్‌కు, గొంతుకు కూడా వెళ్తాయి. అందుకే పుచ్చిన దవడ పన్ను చెవిపోటులా అనిపించగలదు. గొంతులోని పుండూ అంతే. పెద్దవాళ్లలో చెవి లోపల చూస్తే అంతా మామూలుగా ఉండి, నొప్పి మాత్రం ఉండటం చాలా తరచుగా జరిగేదే. పిల్లల్లో అలా కాదు. వాళ్ల ముక్కు వెనక నుంచి మధ్య చెవికి పోయే యూస్టేషియన్ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు తేలిగ్గా చెవికి పాకుతుంది. పెద్దయ్యేసరికి అది సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవుకు పెరిగి, ఏటవాలుగా మారుతుంది. అందుకే పెద్దవాళ్లకు మధ్య చెవిలో చీము పదే పదే పడుతుంటే ముక్కులో ఎలర్జీనో, సైనస్ బాధో, పొగతాగే అలవాటో, ఏదో ఒకటి వెనక ఉందేమో వెతకాలి.

నా సంగతి చెప్తాను. నాకూ ఒకవైపే నొప్పి. ఎన్ని చుక్కలు వేసినా తగ్గక, చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు చెవి బాగానే ఉందని చెప్పి, చెవి ముందు వేళ్లు పెట్టి నోరు తెరిచి మూయమన్నారు. దవడ కీలు టక్కుమంది. నిద్రలో పళ్లు గట్టిగా బిగించి నూరుతున్నానట. ఆ కీలు చెవి రంధ్రానికి ముందే, ఆనుకుని ఉంటుంది. పళ్లకు రాత్రిపూట తొడుక్కునే గార్డు, కొన్నాళ్లు మెత్తని ఆహారం, దవడకు కాపడం. నా చికిత్స అంతే. అంతకు ముందు నేను వేసుకున్న చుక్కల్లో ఒక్క బొట్టూ ఆ కీలుకు చేరే దారే లేదు.

మెలకువ గారూ, ఈసారి నొప్పి వచ్చినప్పుడు ఇవి గమనించండి. చెవి డొప్పను పట్టి మెల్లగా లాగితే, లేదా రంధ్రం ముందుండే చిన్న మిట్టను నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే బయటి చెవి గొట్టంలో ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. నమిలేటప్పుడూ, పొద్దున లేవగానే ఎక్కువగా ఉంటే దవడను అనుమానించాలి. జలుబుతో పాటు వచ్చి, లోపల ఒత్తిడిగా, వినికిడి మందగించినట్టు ఉంటే మధ్య చెవి. ఇవి డాక్టరు పరీక్షకు బదులు కావు. వెళ్లినప్పుడు చెప్పుకోవడానికి మాత్రం చాలా ఉపయోగం.

ఈతప్రియ:
నాది ఇంకో రకం అనుభవం, ఇంట్లో మందు వాడటాన్ని సమర్థిస్తూ చెప్తున్నాను. రోజూ ఈత కొడతాను, బయటి చెవిలో ఇన్ఫెక్షన్ తరచూ వచ్చేది. డాక్టరు లోపల చూసి, కర్ణభేరికి చిల్లు లేదని తేల్చుకున్నాకే ఒక పద్ధతి రాసిచ్చారు: ఏ లక్షణాలుంటే చుక్కలు మొదలుపెట్టాలి, ఎన్ని రోజులు వేయాలి, ఎన్నాళ్లకు తగ్గకపోతే రావాలి. దాని ప్రకారం నడుచుకుంటున్నాను. జబ్బేమిటో తేలినవాళ్లు ప్రతిసారీ వెళ్లాల్సిన పని లేదు.

అన్నిటికన్నా మేలు చేసింది దూదిపుల్లలు మానేయడం. గులిమి మురికి అనుకుని రోజూ తీసేదాన్ని. అది చెవి చర్మానికి కాపలా, దానిలోని ఆమ్లగుణం క్రిముల్ని పెరగనివ్వదు. చెవి గొట్టంలోని చర్మం లోపలి నుంచి బయటికి తనంతట తానే జరుగుతూ గులిమిని మోసుకొస్తుంది. పుల్ల పెడితే దాన్ని మళ్లీ లోపలికి తోసి, చర్మాన్ని గీరి, తడితో పాటు క్రిములకు చోటిచ్చినట్టే. ఇప్పుడు నీళ్లలోంచి రాగానే తల రెండువైపులా వంచి నీళ్లు పోనిచ్చి, తువ్వాలుతో బయట మాత్రమే తుడుస్తాను.

మందుచీటీ:
ఫార్మసీలో పని చేస్తాను. మెలకువ గారి పోస్టులో నాకు ఆందోళన కలిగించింది ఆ ఇంట్లో ఉంచుకున్న సీసా.

కర్ణభేరి బాగుంటే పైనుంచి వేసిన చుక్క మధ్య చెవికి చేరదు. అంటే అసలు ఇన్ఫెక్షన్ మధ్య చెవిలో ఉంటే ఆ మందు అక్కడికి వెళ్లనే వెళ్లదు. చిల్లు ఉంటే చేరుతుంది, అప్పుడు ఇంకో ప్రమాదం: జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు లోపలి చెవిని దెబ్బతీయగలవు, వినికిడి తగ్గవచ్చు. నొప్పి హఠాత్తుగా తగ్గి చెవి కారడం మొదలైతే కర్ణభేరి చిట్లి ఉండొచ్చు. ఆ సమయంలో పాత సీసా అస్సలు ముట్టుకోకండి.

యాంటీబయాటిక్ చుక్కలు అదేపనిగా వాడితే చెవిలో ఫంగస్ పెరగడం కూడా ఉంది. విపరీతమైన దురద, తెల్లగానో నల్లగానో పొరలా చెత్త కనిపిస్తాయి. దానికి మందు వేరు, పాతవి వేస్తే ఇంకా ముదురుతుంది. ఇంకొకటి, చాలా చుక్కల మందులు మూత తీసిన నాలుగు వారాలకు పారేయాలని లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఎంతమంది చదువుతున్నారు?

స్థిరచిత్తం:
చుక్కల గురించి మందుచీటీ గారన్నది ఒప్పుకుంటాను, నేనెప్పుడూ వాడలేదు కూడా. కానీ డాక్టరు దగ్గర అన్నీ తేలిపోతాయన్నట్టు మాట్లాడుతున్నారు, అక్కడే నా అభ్యంతరం. టార్చి వేసి అర నిమిషం చూసి, ఇన్ఫెక్షన్ అని రాసిచ్చి పంపితే వెళ్లి ఏం లాభం?

చిరుగాలి:
అది నిజంగా పెద్ద సమస్యే. నాకూ అలాగే జరిగింది. అందుకని అడగాలి: కర్ణభేరి కనిపించిందా, ఎర్రగా ఉబ్బి ఉందా, చిల్లుందా, వెనక నీరుందా? గులిమి అడ్డుంటే తీసి చూడమనాలి. టింపనోమెట్రీ అని చిన్న పరీక్ష ఉంది, చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి ఎంత కదులుతోందో కొలుస్తుంది. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. మధ్య చెవిలో నీరుంటే దానిలో తెలిసిపోతుంది. పదే పదే వచ్చేవాళ్లు వినికిడి పరీక్ష కూడా ఒకసారి చేయించుకోవాలి. ఇవన్నీ ప్రతి నొప్పికీ చేయించుకోమనట్లేదు. కారణం తేలేదాకా చేయించుకోమంటున్నాను. తేలాక ఈతప్రియ గారిలా ఇంట్లో చూసుకోవచ్చు.

సాయంకాలం:
మా నాన్నగారికి షుగర్ ఉంది. చెవిపోటే కదా అని మేమంతా తేలిగ్గా తీసుకున్నాం. రాత్రిళ్లు నిద్రపోనివ్వని నొప్పి, చెవి కొద్దికొద్దిగా కారడం, చుక్కలు వేసినా తగ్గకపోవడం. తీరా చూస్తే బయటి చెవిలో మొదలైన ఇన్ఫెక్షన్ పుర్రె ఎముకకు పాకింది. షుగర్ ఉన్న పెద్ద వయసువాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇది వస్తుందని అప్పుడే తెలిసింది. వారాల తరబడి మందులు వాడాల్సి వచ్చింది. దయచేసి షుగర్ ఉన్నవాళ్లు ఎవరూ ఆగి చూడకండి.

చెవి వెనక వాపు, మూతి ఒకవైపు లాగేయడం, తల తిరగడం, ఉన్నట్టుండి వినపడకపోవడం, చెవి మీద నీటి పొక్కులు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలని ఆ డాక్టరు మాకు చెప్పారు.

మెలకువ:
చిరుగాలి గారు చెప్పినట్టు నిన్న రాత్రి చూశాను. చెవి లాగితే నొప్పి లేదు. మిట్ట నొక్కితే కూడా లేదు. పొద్దున లేచేసరికి మాత్రం చెవి ముందు బిగుసుకుపోయి ఉంది, ఆవలిస్తే పోటు. దవడేనంటారా?

మందుచీటీ:
కావచ్చు, ఇక్కడ కూర్చుని ఎవరూ తేల్చలేరు. ఎప్పుడూ ఒకే వైపు వస్తోందన్నారు. చెవి మామూలుగానే ఉందని తేలితే పళ్లు, దవడతో పాటు ముక్కు వెనక భాగం, గొంతు కూడా చూడమని అడగండి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా పొగతాగేవాళ్లలో, ఒకవైపే ఆగకుండా ఉండే చెవి నొప్పికి అరుదుగా గొంతులో గడ్డ కారణం అవుతుంది. భయపెట్టాలని కాదు, ఒక్కసారి చూసేస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

స్థిరచిత్తం:
ఒకవైపే వస్తుంటే, జలుబు లేకుండా వస్తుంటే వెళ్లండి మెలకువ గారూ, దానికి నేను అడ్డు చెప్పను. జలుబుతో వచ్చి జలుబుతో పోయే నా నొప్పికి మాత్రం నా పద్ధతే కొనసాగిస్తాను. మూడు రోజులు దాటినా, జ్వరం వచ్చినా చూపించుకుంటాను.

చిరుగాలి:
అది సబబే. మెలకువ గారూ, వెళ్లేదాకా ఆ సీసా పక్కన పెట్టేయండి. చెవిలో మందు తడి లేకపోతే లోపల చూడటానికి డాక్టరుకూ సులువు. నొప్పికి పారాసెటమాల్ వేసుకోండి, లేబుల్ మీద ఉన్న మోతాదు దాటొద్దు. ఏం తేలిందో తప్పకుండా ఇక్కడ రాయండి.