మాండే భాషలు నైజర్-కాంగో కుటుంబంలో ఉన్నట్టా, లేనట్టా?

పాత నిఘంటువు: 1963లో అమెరికా భాషావేత్త గ్రీన్‌బర్గ్ వేసిన వర్గీకరణనే ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. సెనెగల్ నుంచి దక్షిణాఫ్రికా దాకా 1,500కు పైగా భాషలు, అన్నీ ఒకే కుటుంబమట. స్వాహిలీ, జులూ లాంటి బంటూ భాషలతో నాకు పేచీ లేదు. మాలిలో మాట్లాడే బంబారా, దాని తోటి మాండే భాషలు ఇందులో ఎందుకున్నట్టు? వాటిలో నామవర్గాలే లేవు.

సగం చదువు: నామవర్గం అంటే?

దారెస్సలాం రావు: నాలుగేళ్లు టాంజానియాలో స్టోర్స్ చూశాను, నేను చెప్తా. నామవాచకాల్ని గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో గుర్తు తగిలించడం. స్వాహిలీలో మనిషి 'మ్టు', మనుషులు 'వాటు'. మాట ముందు భాగమే మారుతుంది. అరబ్బీ 'కితాబ్'ని తెచ్చుకుని 'కిటాబు' చేసుకున్నారు, బహువచనం 'విటాబు'! అది తెలియక లెడ్జర్లన్నీ తెమ్మనడానికి 'కిటాబు' అన్నాను. గోడౌన్ కుర్రాడు ఒక్కటే తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. తర్వాత పని మీద మాలి రాజధాని బమాకో వెళ్తే అయిదు రోజుల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇవి చుట్టాలా?

కృష్ణాతీరం: రావుగారూ, బలూచిస్తాన్ వెళ్లి బ్రాహుయీ వినండి, ఎంత అర్థమవుతుందో చూద్దాం. అదీ ద్రావిడ భాషే. ఒకటి, రెండు, మూడు తప్ప అంకెలన్నీ అరువు తెచ్చుకుంది, అయినా చుట్టమే. మాండే నామవర్గాల్ని పోగొట్టుకుని ఉండకూడదా? నాలుగుకి బంబారాలో 'నాని', పశ్చిమాఫ్రికా ఫులాలో 'నయి', ఘనా అకాన్‌లో 'అనాన్', స్వాహిలీలో 'న్నె'.

పాత నిఘంటువు: నాలుగు సరే, మూడు? స్వాహిలీ 'టాటు', ఫులా 'తతి', బంబారా 'సబా'. ఈ 'సబా' ఎక్కణ్నుంచి ఊడిపడింది? అంకెలు అరువొస్తాయని మీరే అన్నారు. పోగొట్టుకుంటే ఆనవాలైనా మిగలాలి కదా. ఒక భాషలోని ధ్వని ఇంకో భాషలో ఏ ధ్వనిగా వస్తుందో చెప్పే ధ్వనిసూత్రాలు తేల్చకుండా పోలికలు చూసి చుట్టరికం కలపడమేంటి? పదేళ్ల కింద ఒక సెమినార్‌లో ఇదే అడిగితే, టైమ్ అయిపోయిందని మైకు లాగేసుకున్నారు.

సగం చదువు: 😀 ఇప్పుడర్థమైంది.

కృష్ణాతీరం: ఆ మైకు కోపం గ్రీన్‌బర్గ్ మీద తీర్చుకుంటున్నారన్నమాట. అతనికి ముందు జర్మన్ భాషావేత్త మైన్‌హోఫ్ ఏం చేశాడు? ఫులావాళ్లు పశువులు కాస్తారు, రూపం వేరుగా ఉందని వాళ్ల భాషని, లేతరంగు జాతులవనుకున్న 'హామిటిక్' భాషల గంపలో వేశాడు. 'పులో' అంటే ఒక ఫులా మనిషి, 'ఫుల్బే' అంటే పలువురు. ఆ చివరి 'బే', జులూ 'అబంటు' (మనుషులు)లోని 'బ' ఒకటేనని కనిపిస్తూనే ఉంది. గ్రీన్‌బర్గ్ ఒంటి రంగు వదిలేసి భాషని చూశాడు. అతణ్ని ఇంత తేలిగ్గా తీసిపారేస్తే ఒళ్లు మండదూ?

పాత నిఘంటువు: మైన్‌హోఫ్‌ని నేనెప్పుడు వెనకేసుకొచ్చాను? ఫులా లోపలే ఉండనివ్వండి. నేనడిగింది మాండే. భాషావేత్తలు డిమ్మెండాల్, గుల్డెమాన్ దాన్ని విడిగా పెడుతున్నారు. వాళ్లూ రంగు చూసేవాళ్లేనా?

కృష్ణాతీరం: కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీకు రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు ఉంటేనే కుటుంబం. నాకు ఎక్కడ తవ్వాలో చెప్పే ముగ్గుగీత చాలు. గీత గీయకుండా తవ్వేదెలా?

దారెస్సలాం రావు: బమాకోలో అసలు ఒక్క ముక్క కూడా...

పాత నిఘంటువు: అవును, నాకు దస్తావేజే కావాలి. 'సబా' సంగతి ఇంకా చెప్పలేదు.