ఘాట్ ఎక్కడానికి బరువు తగ్గాలా, తేలికైన సైకిల్ కొనాలా?

ప్రశ్న
ఎత్తు 178 సెం.మీ., బరువు 85 కిలోలు. గంటసేపు నిలబెట్టగలిగే పవర్ 200 వాట్లు. సైకిల్ నీళ్ల సీసాలతో కలిపి 10 కిలోలు. చదునులో గంటకు 30 కి.మీ. వేగంతో గుంపుతోనే ఉంటాను. ఘాట్ మొదలవగానే 60 కిలోలవాళ్లు దాటిపోతారు. 75కి దిగాలా, 8 కిలోల కార్బన్ సైకిల్ కొనాలా?

జవాబు 1
లెక్క వేసి చూద్దామండీ. 10 కి.మీ. ఘాట్, 6 శాతం ఎక్కుడు అనుకోండి. అంటే 600 మీటర్లు పైకి. మొత్తం 95 కిలోలను 200 వాట్లతో లాగితే సుమారు 54 నిమిషాలు. ఒంట్లో 5 కిలోలు తగ్గితే 51. సైకిల్లో 2 కిలోలు తగ్గితే కలిసొచ్చేది ఒక్క నిమిషం.

చదునులో 30 వేగం దగ్గర పవర్‌లో ముప్పాతిక భాగం గాలికే పోతుంది. అక్కడ 5 కిలోలు తగ్గినా మిగిలేది 2 వాట్లే. మోచేతులు వంచి ఛాతీ దించితే అంతకంటే ఎక్కువ మిగులుతుంది. ఇటలీ సైకిల్ రేసర్ ఫిలిప్పో గన్నా 80 కిలోలు దాటిన మనిషి, 2022లో ట్రాక్ మీద గంటలో 56.792 కి.మీ. తొక్కాడు. అదే దేశపు పాత రేసర్, 57 కిలోల మార్కో పంటాని బలమంతా కొండల మీదే.

జవాబు 2
75 అనే అంకె పట్టుకోకండి. తొందరపడి 77కి దిగితే కండ కూడా కరిగి పవర్ 180కి పడొచ్చు. ఘాట్ మీద ముఖ్యం కిలోకు ఎన్ని వాట్లు అన్నదే, అప్పుడు అది 2.34. ఇప్పుడున్నది 2.35!

వారానికి పావు నుంచి అర కిలో చాలు. రోజుకు 400–500 క్యాలరీల కోత, అదీ విశ్రాంతి రోజుల్లో, తేలిక రైడ్ల రోజుల్లోనే. ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా తొక్కే సాధన) రోజు, లాంగ్ రైడ్ రోజు అన్నం తగ్గించొద్దు. గంటన్నర దాటే రైడ్‌లో గంటకు రెండు అరటిపళ్లయినా పడాలి. ప్రొటీన్ కిలోకు 1.6 గ్రాములు, మీకు రోజుకు 136. గుడ్డుకు 6 గ్రాములే, పప్పుచారుతో అసలు రాదు. పూటపూటా చికెన్, పనీర్, సోయా ఏదో ఒకటి ఉండాలి.

గ్రూపుల్లో "ఖాళీ కడుపుతో తొక్కు, రేస్ వెయిట్ వస్తుంది" అనే సలహా చూస్తే కోపం వస్తుంది. తరచూ జలుబు, నిద్ర పట్టకపోవడం, ఆడవాళ్లకు నెలసరి తప్పడం కనిపిస్తే కోత ఆపి డాక్టరుకు చూపించాలి. తినేది చాలక వచ్చే ఈ స్థితికి ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. ఎముకలు చిట్లే దాకా పోతుంది.

అడిగినవారు
ధన్యవాదాలు. గేర్లు: ముందు పళ్లచక్రాలు 50, 34 పళ్లవి, వెనక 11 నుంచి 28 పళ్లవి. మార్చాలా?

జవాబు 3
మొదట మార్చాల్సింది అదే అన్నా. 8 శాతం ఎక్కుడులో మీ వేగం గంటకు 8.6 కి.మీ. ముందు 34, వెనక 28 పళ్లతో కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 56కి పడిపోయి మోకాళ్లు నొస్తాయి. వెనక 11-34 వేస్తే 68. షార్ట్ కేజ్ (పొట్టి చట్రం) డిరైల్యూర్, అంటే వెనక చైన్‌ను గేర్లు మార్చే భాగం, 34 పళ్లను మోయదు, మీడియం కేజ్ కావాలి. చైన్ కూడా పొడవైనది వేయించండి, పాతదే ఉంచితే పెద్ద పళ్లచక్రాల మీద బిగుసుకుంటుంది.

మొదటి 2 కి.మీ. 200 వాట్లు దాటకండి. ఆ వేగంలో తేలికవాళ్ల వెనక నక్కినా గాలి ఆసరా పెద్దగా దొరకదు. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండొద్దు, మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదలాలి. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచును నొక్కేవి) 95 కిలోల బరువుకు రిమ్ కాగి ట్యూబు పేలొచ్చు.