బొమ్మ వేసిచ్చి బదులుగా బ్లౌజులు కుట్టించుకోవచ్చా?

రంగులడబ్బా:
ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు వాటర్‌కలర్ బొమ్మలు వేస్తుంటాను. మా వీధిలో టైలరింగ్ చేసే అక్క షాపు గోడకి ఒకటి పెద్దది వేసిమ్మంది. డబ్బులొద్దంటే ఒప్పుకోదు, ఏడాదంతా నా బ్లౌజులు కుట్టిపెడతానంటోంది. నాకు భలే నచ్చింది గానీ, మా ఆయన "రేటు చెప్పకపోతే విలువుండదు" అంటున్నారు. ఇలా మార్చుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? లెక్క ఎలా చూసుకుంటారు?

చేర్యాలబాట:
తప్పేముంది అక్కా, మన దగ్గర పాత పద్ధతే కదా. మా చేర్యాల వైపు నకాషీలు, అంటే తరతరాలుగా బొమ్మలు వేసేవాళ్లు, గీసిన పటాలు పట్టుకుని కూనపులి వాళ్లు పద్మశాలీలకి, కాకిపడగల వాళ్లు ముదిరాజులకి, డక్కలి వాళ్లు మాదిగలకి కులపురాణం, అంటే ఆ కులం పుట్టుక కథ, చెప్పేవారు. పొడవాటి బట్ట పటాన్ని వేలాడదీసి, కథ నడిచేకొద్దీ ఒక్కో బొమ్మ చూపిస్తూ పోతారు. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీ ప్రకారం, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు ప్రకారం, ముందే పంచుకుని ఉంటాయి. ధాన్యమో డబ్బో, వచ్చింది దానమనుకోరు, అడిగి తీసుకునే హక్కు. పటం పాతబడి చిరిగితే పూజ చేసి నీళ్లలో కలిపేవారు. ఇప్పుడు అదే బొమ్మ చిన్నగా గీసి, ఫ్రేము కట్టి, వెనక రేటు స్టిక్కరు వేస్తున్నారు.

ఎర్రమందారం:
అంత ముచ్చటపడొద్దు తమ్ముడూ. డక్కలి వాళ్లు మాదిగ ఇళ్లు దాటి ఇంకెక్కడా అడగడానికి లేదు. రేటు లేదు సరే, ఎవరు ఎవరి దగ్గర తీసుకోవాలో పుట్టుకతోనే రాసిపెట్టేశారు, అందులో కళాకారుడి ఇష్టం ఎక్కడుంది? ఆ స్టిక్కరు పుణ్యాన కనీసం ఎవరికైనా అమ్ముకోవచ్చు. టైలరక్కతో మార్పిడి వేరు, అక్కడ ఇద్దరూ కాదనగలరు.

లెక్కలమాస్టారు:
మెక్సికోలో చిత్రకారులు 1957 నుంచి ఆదాయపు పన్ను బొమ్మలతోనే కట్టొచ్చు. ఏడాదిలో 5 వరకు అమ్మితే ఒకటి ఇవ్వాలి, అమ్మకాలు పెరిగేకొద్దీ ఇవ్వాల్సినవీ పెరుగుతాయి, 6 దాటవు. ఏది పడితే అది తీసుకోరు, ఒక కమిటీ చూసి ఒప్పుకోవాలి. మన ఐటీ ఆఫీసుకి బొమ్మ పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారనుకోండి.

అసలు సంగతి, మీరు చూసుకోవాల్సింది కాపీరైటు. మన 1957 చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఒకరు అడిగితే ప్రతిఫలం తీసుకుని వేసిన చిత్రం మీద, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వేయించుకున్నవాళ్లదే. ప్రతిఫలమంటే డబ్బే అక్కర్లేదు, బ్లౌజులూ లెక్కే. రేపు ఆవిడ మీ బొమ్మని క్యారీబ్యాగుల మీద అచ్చేయించినా మీరేమీ అనలేరు. హక్కు నాదే అని కాగితం మీద రెండు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

రంగులడబ్బా:
అమ్మో, ఇది అస్సలు తట్టలేదు మాస్టారూ! ఇవాళే అక్కతో మాట్లాడతా. ఎలాగూ రాసుకుంటున్నాం కాబట్టి మామూలు బ్లౌజులా, లైనింగ్‌వా, ఏడాదికెన్ని అన్నది కూడా అందులోనే తేల్చేస్తా. మగ్గం వర్క్ మాత్రం అడగను, దానికి గోడంతా బొమ్మలేయాల్సొస్తుంది.