పాత హైలక్స్ ఇసుకలో దిగబడింది, తప్పెక్కడ?

బాపట్ల_బ్రిస్బేన్:
నమస్కారం అండి. రెండు నెలల కిందట 1996 టయోటా హైలక్స్ పికప్ కొన్నాను. డబుల్ క్యాబ్, 2.8 డీజిల్, టర్బో లేదు, గేర్లు మాన్యువల్. అమ్మానాన్న ఊరి నుంచి వస్తున్నారు, వాళ్లకి ఫ్రేజర్ ఐలాండ్ అనే ఇసుక దీవి చూపించాలని ఆశ. ముందు ప్రాక్టీసుకని ఆదివారం బ్రైబీ ఐలాండ్‌కి వెళ్లాను. పర్మిట్ తీసుకున్నా, టైర్లలో గాలి 36 పీఎస్ఐ నుంచి 25కి దించా, నాలుగు చక్రాలూ లాగేలా లివర్ 4హెచ్‌లో వేశా, డ్యాష్‌బోర్డులో లైటు కూడా వెలిగింది. బీచ్‌లోకి దిగే దారిలో నలభై అడుగులు పోయానో లేదో, బండి ఆగిపోయింది. తొక్కేకొద్దీ వెనక చక్రాలు గుంత తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగబడ్డాయి. ముందు చక్రాలు ఉలకలేదు, పలకలేదు. వెనకాల ఆరు బండ్ల క్యూ. ఒక పెద్దాయన తాడేసి లాగి, నవ్వి వెళ్లిపోయాడు. గేర్‌బాక్స్ పోయిందా? ఎంతవుతుందోనని ఒకటే టెన్షన్.

లోగన్_కుర్రోడు:
25 ఎక్కువ బ్రో. 18 పెట్టు.

పాతబండి_మావయ్య:
గాలి ఒక్కటే కాదు. తమ్ముడూ, గేర్‌బాక్స్ జోలికి పోకు. ముందు చక్రం నడిమధ్యన హబ్ మీద గుండ్రటి డయల్ ఉంటుంది చూడు, దాని మీద ఫ్రీ, లాక్ అని రాసుంటుంది. బండి దిగి రెండు వైపులా లాక్‌కి తిప్పాలి, ఫ్రీలో ఉంటే ఇంజన్ బలం ముందు చక్రాలకి అందదు. నువ్వు తిప్పి ఉండవు. ఆ లైటు లివర్ పడిందనే చెబుతుంది, హబ్ సంగతి దానికి తెలియదు. నేనూ ఫ్రేజర్‌కి బార్జ్ ఎక్కే ఇన్‌స్కిప్ పాయింట్‌లో ఇదే నిర్వాకం చేశాను, బార్జ్ కోసం నిలబడ్డవాళ్లంతా చూస్తుండగా.

సూర్యలంకలో సైకిల్ తొక్కే ఉంటావు. నీళ్ల అంచున తడి ఇసుక మీద రయ్యిన పోతుంది, పైన పొడి ఇసుకలో పెడల్ కదలదు. ఇక్కడా అంతే. గాలి తగ్గిస్తే టైరు పొడుగ్గా పరుచుకుని బరువు మోస్తుంది. అవసరమైతే 15కి దించు, కానీ అప్పుడు మలుపులు మెల్లగా తిప్పు, లేకపోతే టైరు రిమ్ము వదిలేస్తుంది.

మన ఇంజన్‌కి దమ్ము తక్కువ. మెత్తటి చోట 4ఎల్ (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగేది), రెండో గేరు. గేరు మారుద్దామని మధ్యలో క్లచ్ నొక్కావా, అక్కడే ఆగుతావు. ఆపాలంటే బ్రేక్ తొక్కకు, కాలు తీసెయ్, బండి తనే ఆగుతుంది. బ్రేక్ వేస్తే చక్రాల ముందు ఇసుక గట్టులా పేరుకుంటుంది, మళ్లీ కదలాలంటే ఆ గట్టు ఎక్కాలి. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఇంకా తొక్కకుండా, వచ్చిన జాడలోనే వెనక్కి రా.

అన్నట్టు, 2023 నుంచి ఫ్రేజర్ ఐలాండ్ పేరు గర్రి. స్పెల్లింగులో ముందు కే ఉన్నా పలకరు.

ఇప్స్‌విచ్_వదిన:
పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నాను. అక్కడి 75 మైల్ బీచ్ చట్టప్రకారం రోడ్డే, గంటకి 80 కిలోమీటర్ల వరకు పోవచ్చు. కానీ వాగులు సముద్రంలో కలిసేచోట ఇసుక కోసుకుపోయి మెట్టులా ఉంటుంది, దగ్గరకొచ్చేదాకా కనబడదు. మావారు అలా ఒకటి ఎగిరించారు. అత్తయ్యగారి తల పైకప్పుకి కొట్టుకుంది, సాయంత్రం దాకా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. పోటుకి రెండు గంటలు ముందూ వెనకా బీచ్ మీద బండి నడపొద్దు. విమానాలు కూడా ఆ బీచ్ మీదే దిగుతాయి, ఓ కన్నేసి ఉంచండి. పులిహోర డబ్బా బయట వదలొద్దు, డింగోలు (అడవి కుక్కలు) తిరుగుతుంటాయి.

బాపట్ల_బ్రిస్బేన్:
మావయ్యా, నిజంగానే రెండూ ఫ్రీలోనే ఉన్నాయి! ఎడమది తుప్పు పట్టి కదల్లేదు, నూనె కొట్టి రాత్రంతా వదిలేస్తే తిరిగింది. ఈ ఉదయం ఆరింటికి అదే దారి, 18 గాలి, 4ఎల్, రెండో గేరు. ఎక్కడా ఆగకుండా బీచ్ మీదికి చేరాను. వచ్చేటప్పుడు టైర్లలో గాలి నింపడానికే అరగంట పట్టింది, నా కంప్రెసర్ అంత బక్కది. ఇంటికొచ్చి బండి కింద ఉప్పు కడిగితే అర బకెట్ ఇసుక రాలింది.