లైనక్స్ పెట్టెకు 8 సీరియల్ కాటాలు: పీసీఐ కార్డా, ఈథర్‌నెట్ సర్వరా?

అనంతపురం దగ్గర వేరుశనగ మిల్లు. డెబియన్ నడిచే ఒక్క కంప్యూటర్‌కు 8 కాటాల ఇండికేటర్లు (బరువు చూపించి బయటికి పంపే డబ్బాలు) కలపాలి. అన్నీ ఆర్‌ఎస్-232 (పాత తరహా సీరియల్ పోర్టు), వేగం 9600 బాడ్, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేదు. 2, 3, 5 పిన్నులు చాలు.

ప్రస్తుతం సీహెచ్340 చిప్పున్న యూఎస్‌బీ కన్వర్టర్లు హబ్బుకు గుచ్చి ఉన్నాయి. వీటికి విడివిడి సీరియల్ నంబర్లు లేవు. అందుకే యూడెవ్ (లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టేది) రూల్‌ను పోర్టు దారిని బట్టి రాశాం, పేర్లు నిలబడ్డాయి. ఎవరైనా తీగ పీకి పక్క రంధ్రంలో గుచ్చారో, గింజల తూకం వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) ఖాతాలో పడుతుంది!

అసలు తలనొప్పి వేరే. పొట్టు తీసే మిషన్ మోటారు స్టార్టయితే చాలు, కెర్నల్ లాగ్‌లో 'డిస్‌కనెక్ట్' అని పడి హబ్బు మీదున్నవన్నీ ఒకేసారి పోతాయి. హబ్బుకు సొంత అడాప్టర్ పెట్టినా అంతే. గ్రౌండ్ తేడా (రెండు చోట్ల ఎర్త్ వోల్టేజీ ఒకేలా లేకపోవడం) అనే నా అనుమానం.

రెండు కాటాలు 40 మీటర్ల అవతల ఉన్నాయి. ఆర్‌ఎస్-232కు 15 మీటర్లే లెక్క. ఎక్కువ దూరం పోయే ఆర్‌ఎస్-485కు మార్చి చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెడదామనుకుంటున్నాం. కాకపోతే ఈ ఇండికేటర్లు అడక్కుండానే బరువు పంపుతూనే ఉంటాయి, అడ్రస్ ఉండదు. కాబట్టి రెండింటినీ ఒకే జత తీగల మీద వేయలేం.

8 పోర్టుల పీసీఐ కార్డు వేసి, కెర్నల్‌కు 8250.ఎన్ఆర్_యూఆర్ట్స్=16 (ఎన్ని సీరియల్ పోర్టులు గుర్తించాలో చెప్పే సెట్టింగు) ఇస్తే సరిపోతుందా? ఐసొలేషన్ (తీగలకూ కంప్యూటర్‌కూ మధ్య విద్యుత్ అడ్డు) లేని కార్డైతే మదర్‌బోర్డుకే ముప్పేమో. లేక కాటాల దగ్గరే ఈథర్‌నెట్ సీరియల్ సర్వర్ (సీరియల్ డేటాను నెట్‌వర్క్ మీదికి పంపే డబ్బా) పెట్టి టీసీపీలో చదవడం మేలా? దుమ్ము, మోటార్ల మధ్య వాడుతున్నవాళ్లు చెప్పండి.