స్టాఫీ కుక్కను తెచ్చుకుందామంటే పందేల జాతి అంటున్నారు, నిజమేనా?

డడ్లీ_సుధీర్:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో డడ్లీలో ఉంటున్నాం. పాపకు ఎనిమిదేళ్లు. కుక్క కావాలని రెండేళ్లుగా ప్రాణం తీస్తోంది. పోయిన శనివారం దిక్కులేని కుక్కల్ని ఉంచే ఒక కేంద్రానికి వెళ్లాం. లాబ్రడార్ ఏమైనా దొరుకుతుందేమో అనుకుంటే, అక్కడ ఎటు చూసినా స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్లే, ఇక్కడ ముద్దుగా స్టాఫీ అంటారు. నాలుగేళ్ల ఆడది ఒకటుంది. ఒంటి నిండా పులిచారలు, ఛాతీ మీద అరచేయంత తెల్ల మచ్చ. మమ్మల్ని చూడగానే వచ్చి కటకటాలకు వీపు ఆనించి కూర్చుంది, గోకమని. పాప వేళ్లు దూర్చి గోకింది. ఇక ఇంటికొచ్చేదాకా దాని గురించే.

సోమవారం ఆఫీసులో చెప్తే పక్క సీటాయన నవ్వాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "మా ముత్తాతల కాలంలో వాటిని పబ్బు వెనక గదిలో పందేలకు దింపేవాళ్లు" అన్నాడు. ఈ ముక్క ఇంట్లో చెప్పడమే నా తప్పు. మా ఆవిడ అప్పట్నుంచి వద్దంటోంది. అమ్మకు ఫొటో పంపితే "ఆ దవడలు చూశావట్రా, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో" అని ఫోన్ పెట్టేసింది. ఇంకో ఫ్రెండేమో బుల్ టెర్రియర్లు బ్రిటన్‌లో బ్యాన్ అంటాడు.

ఈ పందేల కథ ఎంతవరకు నిజం? బుల్ టెర్రియర్, స్టాఫీ, పిట్‌బుల్ అన్నీ ఒకటేనా? ఆ బుద్ధి ఇంకా రక్తంలో ఉంటుందా? శనివారంలోగా వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.

క్రాడ్లీహీత్_అక్క:

తమ్ముడూ, ఆ కుక్క పుట్టింట్లో కూర్చుని దాని కులగోత్రాలు అడుగుతున్నావు నువ్వు. నాది తెనాలి. పంతొమ్మిదేళ్లుగా ఈ చుట్టుపక్కలే, ఇళ్లకు తిరిగి పుండ్లకు కట్లు కట్టే నర్సుని. మా ఇంట్లో ఒక స్టాఫీ పదమూడేళ్లు బతికి పోయిన ఏడాది పోయింది. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించి చదువుకో.

మీ ఆఫీసాయన చెప్పింది నిజమే. కాకపోతే కథ ఎద్దుతో మొదలవుతుంది. బర్మింగ్‌హామ్ బుల్‌రింగ్ మాల్‌కి వెళ్లే ఉంటావు, ఆ కంచు ఎద్దు పక్కన ఫొటో దిగకుండా మనవాళ్లెవరూ రారు. ఆ పేరు ఎలా వచ్చిందంటే, అక్కడి పాత సంతలో ఒక ఇనప కడియం ఉండేది. కోతకు తెచ్చిన ఎద్దును దానికి కట్టేసి మీదికి కుక్కల్ని ఉసిగొల్పేవాళ్లు. అలా చేస్తే మాంసం మెత్తబడుతుందని నమ్మకం. కొన్ని ఊళ్లలో ఆ తంతు లేకుండా ఎద్దును కోస్తే కసాయివాడికి జరిమానా కూడా పడేది. నేలకు కరుచుకుని పాక్కుంటూ వెళ్లి ఎద్దు ముక్కు పట్టుకోవడం కుక్క పని. పట్టుకున్నాక ఎద్దు విదిలించినా వదలకూడదు. ఉడుం పట్టు అంటామే, అదన్నమాట. దానికోసం తయారైందే పాతకాలపు బుల్‌డాగ్. ఇప్పుడు సోఫాలో గురకపెట్టేది కాదు. అది కాస్త పొడుగు కాళ్లతో, చురుగ్గా ఉండేది.

1835లో పార్లమెంటు చట్టం చేసి ఎద్దుల మీదికీ ఎలుగుల మీదికీ కుక్కల్ని వదలడం, కుక్కల పందేలు, కోడిపందేలు అన్నీ ఆపమంది. ఎద్దుదైతే ఆగింది. ఎద్దును ఎక్కడ దాస్తారు? రెండు కుక్కలకు మాత్రం పబ్బు వెనక గది చాలు, తలుపు దగ్గర ఒక మనిషిని కాపలా పెడితే సరి. అప్పటికే బుల్‌డాగ్‌ను టెర్రియర్‌తో కలిపి కొత్త రకం తీస్తున్నారు. బుల్‌డాగ్ పట్టు, టెర్రియర్ చురుకు రెండూ కావాలని. ఎలుకల పందేలు కూడా వీటితోనే ఆడేవాళ్లు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ బరిలో 1823లో బిల్లీ అనే కుక్క 100 ఎలుకల్ని ఐదున్నర నిమిషాల్లో చంపిందట. జనం గడియారాలు పట్టుకుని లెక్కపెట్టేవాళ్లు.

పందెం ఎలా జరిగేదో తెలిస్తే నీ మూడో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. బరి మధ్యలో గీత గీసేవాళ్లు. ఒక కుక్క తల తిప్పుకుంటే రెంటినీ విడదీసి మూలలకు తీసుకెళ్తారు. మళ్లీ వదిలినప్పుడు దాని వంతైన కుక్క గీత దాటి ఎదుటిదాన్ని అందుకోవాలి. దాటకపోతే ఓడినట్టు. అంటే వాళ్లు ఏరుకున్నది బలమైనదాన్ని కాదు. ఒళ్లంతా చీరుకుపోయినా మళ్లీ గీత దాటేదాన్ని. ఇక్కడివాళ్లు ఆ గుణాన్ని "గేమ్" అంటారు. దీన్ని మెచ్చుకుంటూ మాట్లాడే ముసలాళ్లు ఇంకా ఉన్నారు. నాకైతే వినడానికే కడుపులో తిప్పుతుంది.

ఒకాయనకు కాలి పుండుకు వారానికి రెండుసార్లు కట్టు కట్టేదాన్ని. వాళ్ల తాత గొలుసులు చేసేవాడు. ఈ క్రాడ్లీ హీత్ అంతా గొలుసుల ఊరే కదా, 1910లో ఆడవాళ్లు సమ్మె చేసి కూలి పెంచుకున్నది ఇక్కడే. పొయ్యి పైన గోడకు ఒక కుక్క ఫొటో ఉంది, తాతది లేదు. ఒకరోజు సొరుగులోంచి జానెడు చెక్క తీసి చూపించాడు. ఒక కొస గొడ్డలి అంచులా సన్నగా ఉంది. తలుపు కొట్టుకోకుండా పెట్టే చెక్కేమో అనుకున్నా. దాని మీద వరసగా గుంటలు. పళ్ల గాట్లు! పట్టు వదలని కుక్క నోట్లో దవడ పళ్ల వెనక దూర్చి తిప్పితే నోరు తెరుచుకుంటుందట. వీటి దవడకు తాళం పడుతుందని చెప్పుకుంటారు చూడు, అది ఉత్తిదే. దవడ అన్ని కుక్కల దవడలాంటిదే, వదలాలన్న మనసే ఉండదు. ఆ చెక్కను చేతిలోకి తీసుకున్నా, మళ్లీ ఆయనకే ఇచ్చేసి చేతులు కడుక్కున్నా.

ఇక పేర్ల గొడవ. 1850ల నుంచి బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ హింక్స్ అనే జంతువుల వ్యాపారి ఈ మోటు రకాన్ని తెల్ల టెర్రియర్‌తో కలిపి ఒళ్లంతా తెల్లగా ఉండే కుక్కను తీశాడు. డాల్మేషియన్ కూడా కలిపాడంటారు. 1862లో ప్రదర్శనకు తెచ్చాడు. దొరలు ఎగబడి కొన్నారు. బుల్ టెర్రియర్ అన్న పేరు దానికి పోయింది. ఇక్కడి కూలి జనం దగ్గర మిగిలిన పాత రకానికి 1935 దాకా కాగితాల్లో చోటే లేదు. ఆ ఏడాది క్రాడ్లీ హీత్‌లో క్రాస్ గన్స్ అనే పబ్బులో, అది నడిపే జో మాలెన్, జో డన్ లాంటివాళ్లు కలిసి క్లబ్బు పెట్టారు. జిమ్ ది డాండీ అనే కుక్కను ఎదురుగా పెట్టుకుని, ఈ జాతి ఇలా ఉండాలని కొలతలు రాసుకున్నారు. బుల్ టెర్రియర్ పేరు ముందే పోయింది కాబట్టి దాని ముందు ఈ ప్రాంతం పేరు స్టాఫర్డ్‌షైర్ తగిలించారు. చట్టం వచ్చి వందేళ్లయ్యాక, పందేల వాసన ఇంకా పోని పబ్బులోంచే ఈ కుక్క, గెలిస్తే రిబ్బన్ కట్టే అందాల పోటీకి వెళ్లింది.

కాలువగట్టు_శీను:

ఆయ్, అక్కగారూ, చాలా బాగా చెప్పారండి. మాది భీమవరం దగ్గరండి, ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నా. మీరు బరి అనగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. మా దొడ్లో డేగ, నెమలి, కాకి అని రంగుల వారీగా పుంజులుండేవి. బాదంపప్పు, గుడ్డు మాకు దొరక్కపోయినా వాటికి దొరికేయి. చట్టం వద్దన్నా సంక్రాంతికి బరి ఎలా లేస్తదో మాకు వేరే చెప్పక్కర్లేదండి, 1835లో మీ పబ్బు వెనక ఏం జరిగుంటదో కళ్లకు కట్టినట్టే ఉంది.

కానీ సుధీర్ గారికి ఒక మాట. "పెంపకంలోనే ఉందంతా" అని ఎవరైనా అంటే నమ్మకండి. పందెం జాతి పుంజు పిల్లకు ఎవరూ నేర్పరండి. నాలుగైదు నెలలకే పక్కదాని మీదికి మెడ ఈకలు లేపుతాది. అందుకే ఒక్కోదాన్ని ఒక్కో గుంజకు కట్టేవాళ్లం. వందల ఏళ్లు ఏరి ఏరి తీసిన గుణం, రిబ్బన్ కట్టగానే పోద్దా?

క్రాడ్లీహీత్_అక్క:

శీనూ, పోదు. నేను పోతుందని చెప్పలేదు. మా రాణి పదమూడేళ్లలో ఒక్క మనిషి మీద కూడా మొరగలేదు. మీటర్ చూడ్డానికి వచ్చినవాడి ఒళ్లో కూర్చునేది. కానీ పార్కులో పెద్ద కుక్క ఏదైనా దాని మొహంలోకి వచ్చిందా, చెవులు వెనక్కి పోయి ఒళ్లు రాయిలా బిగిసేది. రెండేళ్ల వయసులో ఒకసారి పక్కింటి స్పానియెల్ చెవి పట్టుకుంది. మా ఆయన, నేను ఇద్దరం కలిసి విడిపించేసరికి నా చీర కొంగంతా రక్తం. ఆ రోజు వినాయక చవితి, గుడికి బయల్దేరుతున్నాం. తర్వాత జీవితమంతా దాన్ని తాడు లేకుండా బయటికి తీసుకెళ్లలేదు.

నీ పుంజుకూ దీనికీ ఒక తేడా ఉంది. బరిలో కుక్కను చేతులతో పట్టి విడదీసేది మనిషే. ఆ ఊపులో మనిషిని కరిచే కుక్కతో వాళ్లకు పని జరగదు. సాటి కుక్కల మీద కోపం, మనిషి చేతికి లొంగడం రెండూ కలిపే ఏరుకున్నారు. అలాగని మనిషిని కరిచిన స్టాఫీలు లేవా అంటే ఉన్నాయి.

సుధీర్, ఇంకోటి. వీటిని పాతకాలంలో "ఆయా కుక్క" అనేవారని, పిల్లల్ని చూసుకునేవని ఎవరో ఒకరు నీకు పంపిస్తారు. అది పందేల కాలం నాటి మాట కాదు, 1970ల నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఏ కుక్కనూ పిల్లతో ఒంటరిగా వదలకు, స్టాఫీ అయినా పమేరియన్ అయినా.

పశువైద్యుడు_కరీంనగర్:

సుధీర్ బ్రదర్, బ్యాన్ సంగతి నేను చెప్తా. నేను వెటర్నరీ డాక్టర్‌ని. బ్రిటన్‌లో 1991 చట్టం కింద నిషేధించినవి పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో. తర్వాత ఎక్స్‌ఎల్ బుల్లీని చేర్చారు. మీరుండే ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి మినహాయింపు పత్రం లేకుండా అది ఉంటే నేరం. స్టాఫీ, బుల్ టెర్రియర్ ఆ జాబితాలో లేవు. అయితే ఏ జాతి కుక్కైనా అదుపు తప్పి మనుషుల మీదికి వెళ్తే యజమాని మీద కేసే.

పిట్‌బుల్ ఇదే పాత రకం నుంచి అమెరికా వెళ్లి అక్కడ ఎత్తు పెరిగిన శాఖ. అక్కడ కుక్కల జాతుల్ని నమోదు చేసే సంస్థ యునైటెడ్ కెనెల్ క్లబ్, 1898లో పుట్టింది, దాన్ని పిట్‌బుల్ పేరుతోనే నమోదు చేసింది. ఇంకో క్లబ్బు 1936లో స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అని చేర్చుకుని, 1972లో ముందు అమెరికన్ అని తగిలించింది. మీరు చూసింది అది కాదు. బ్రిటిష్ స్టాఫీ ఎత్తు 14 నుంచి 16 అంగుళాలు, బరువు 17 కిలోల లోపే ఉండాలి. కోడిగుడ్డు మొహంతో ఉండేది హింక్స్ గారి బుల్ టెర్రియర్. ఆయన కాలంలో దానికీ ఆ గుడ్డు మొహం లేదు, తర్వాతి తరాలు ప్రదర్శనల కోసం అలా తీశాయి. పూర్తి తెల్లవాటిలో పుట్టు చెవుడు ఎక్కువ. నా దగ్గరికి హైదరాబాద్ నుంచి ఒకాయన "మొండిది సార్, పిలిస్తే రాదు" అని తెల్ల బుల్ టెర్రియర్‌ని తెచ్చాడు. వెనక స్టీలు పళ్లెం పడేస్తే తోక కూడా కదల్లేదు.

ఇక్కడ మన దగ్గర 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసింది, పిట్‌బుల్ కూడా అందులో ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జంతువుల్ని వినోదం కోసం కొట్లాటకు ఉసిగొల్పడం మాత్రం 1960 చట్టం నాటి నుంచే నేరం. శీను గారూ, కోళ్లకు కూడా.

కాలువగట్టు_శీను:

తెలుసండి డాక్టర్ గారూ. తెలిసే కదండీ తెల్లారకముందే బరి కట్టేది. తాత పోయాక మేం మానేశాం లెండి.

డడ్లీ_సుధీర్:

అందరికీ చాలా థాంక్స్. ఇది ఆదివారం రాత్రి రాస్తున్నా. నిన్న మా ఆవిడ కూడా వచ్చింది. అక్క రాసిందంతా ముందే చదివి వినిపించా, స్పానియెల్ చెవి సంగతితో సహా. అక్కడి అమ్మాయిని మా ఆవిడే సూటిగా అడిగింది, ఇది ఇంకో కుక్కను చూస్తే ఏం చేస్తుందని. ఆ అమ్మాయి దాచలేదు. ఇంట్లో వేరే కుక్క ఉండకూడదు, బయట తాడు విప్పకూడదు అని కాగితం మీదే రాసి ఉంది. వేరే కుక్కను దూరంగా నడిపించి చూపించారు. దీని వీపు మీద వెంట్రుకలు లేచాయి, గొంతులో చిన్న శబ్దం. మా ఆవిడ పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కుక్క వెళ్లిపోయాక ఇది మళ్లీ మా వైపు వచ్చి, ఈసారి మా ఆవిడ కాళ్లకు వీపు ఆనించి కూర్చుంది. పది నిమిషాలు లేవలేదు. ఆవిడా లేవలేదు.

ఇంటి ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలట. మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. అక్కా, మెడపట్టీ ఏ సైజు కొనాలి?

క్రాడ్లీహీత్_అక్క:

మెడపట్టీ ఒక్కటే పెట్టకు, దాని లాగుడుకు నీ భుజం పోతుంది. ఛాతీకి వేసే పట్టీ కావాలి. కొనొద్దు, రాణిది గరాజ్‌లో ఉంది. మీ ఓనర్ ఒప్పుకున్నాక ఏ సాయంత్రమైనా వచ్చి తీసుకెళ్లు. పాపను కూడా తీసుకురా.